పంపుగది ఉద్యోగము

ముంబయి వర్లీ ప్రాంతమునుండి మా పత్రిక చిరకాల పాఠకులొకరు క్రిందటి మాసమున మాకొక ఉత్తరము వ్రాసిరి. వారి తండ్రిగారు తెలంగాణమున మగ్గము విడిచి బొంబాయి మిల్లులో చేరినవారు. వీరు అదే మిల్లులో బదిలీ కార్మికులుగా కుదిరిన కొలదికాలమునకే, 1982 జనవరి 18న, బట్టల మిల్లుల సమ్మె ఆరంభమయ్యెను. అటు తరువాతి కథ మన పాఠకులకు చెప్పనక్కరలేదు. ఇప్పుడు వారి కుమారుడు, ఇరువదియెనిమిదేండ్లవాడు, లోయరు పరేలులోని ఒక ఎత్తైన భవనము అడుగున అగ్నిమాపక పంపు ఆపరేటరుగా పనిచేయుచున్నాడు. తాతగారు పనిచేసిన మిల్లు స్థలము కాదట. దాని ప్రక్క మిల్లు స్థలమట.

వారి ప్రశ్న చిన్నది. "మావాడు దినమునకు పండ్రెండు గంటలు భూమిక్రింద కూర్చుండును. నెలల తరబడి ఆ యంత్రమునకు పని తగులదు. పని తగులని యంత్రమునకు కాపలాయున్నవానిని ఎన్నాళ్ళు ఉంచుకొందురు? ఉంచుకొన్నను వీడు ఏమి కాగలడు? ఇప్పుడే మానిపించి మరియొక పనిలో పెట్టుమందురా?"

ఇంతమాత్రమునకు సంపాదకీయమేల యని కొందరికి తోచవచ్చును. తెలుగు బడులు, తెలుగు పాఠ్యపుస్తకములు మొదలగు పెద్ద సమస్యలు మన ముందున్నమాట నిజమే. కాని ఇంటిలోని పిల్లవాని జీవనము నిలువనిచోట ఇంటి భాష నిలుచునని మేము నమ్మజాలము. పట్టణములలో మేడలు పెరిగిన కొలదియు మన యువకులు ఈ పంపుగదులలోనికి దిగుచున్నారు. దిగినవారికి ఆ పని ఎట్టిదో, దాని రేపటి గతి ఏమో చెప్పువారు లేరు. కావున మాకు తెలిసినంతవరకు ఈ ప్రశ్నకు ఇక్కడనే సమాధానము వ్రాయుచున్నాము.

మొదట ఆ గదిలో ఏమున్నదో చూతము. సాధారణముగా ఎఱ్ఱరంగు పూసిన మూడు పంపులుండును. ఒకటి విద్యుత్తుతో నడచు పెద్ద పంపు. రెండవది విద్యుత్తు లేనప్పుడు అదే పని చేయవలసిన డీజిలు పంపు. మూడవది జాకీ పంపు అను చిన్నది. మేడపైకి పోవు గొట్టములో నీరు ఎల్లవేళల ఒత్తిడితో నిండియుండవలెను. ఎక్కడనో ఒక అతుకు కొంచెము కారినచో ఒత్తిడి స్వల్పముగా తగ్గును. జాకీ పంపు దానంతటదే తిరిగి ఆ లోటు పూడ్చి ఆగిపోవును. ఎవరైన హైడ్రాంటు తెరచి మంటపై నీరు కొట్టినను, వేడికి కప్పులోని స్ప్రింక్లరు గాజుబుడ్డి పగిలినను ఒత్తిడి ఒక్కసారిగా పడిపోవును. అది జాకీ పూడ్చగల లోటు కాదు. అప్పుడు పెద్ద పంపు లేవవలెను. అది లేవనిచో డీజిలు పంపు లేవవలెను.

2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారము ఒక మోస్తరు ఎత్తుగల నివాసభవనమునకు పెద్ద పంపు నిమిషమునకు 2,280 లీటర్లు తోడగలదై ఉండవలెను. జాకీ పంపునకు 180 లీటర్లు చాలును. అన్నిటికంటె పైనున్న హైడ్రాంటువద్ద సైతము చదరపు సెంటీమీటరునకు మూడున్నర కిలోల ఒత్తిడి ఉండవలెను. నీటిని పది మీటర్లు పైకెత్తుటకే సుమారు ఒక కిలో ఒత్తిడి వ్యయమగును. కనుక 60 మీటర్ల మేడకు ఎత్తు నిమిత్తము ఆరు, కొసన మూడున్నర, గొట్టముల రాపిడికి మరికొంత. వెరసి క్రింద పది కిలోలు చాలవు. వర్లీ పాఠకుల కుమారుడు పండ్రెండు గంటలు కాపలాయుండునది ఆ ఒత్తిడికి. పదునెనిమిదవ అంతస్తున ఒక తల్లి పిల్లవానిని ఎత్తుకొని మెట్లు దిగుచుండగా, ఆ మెట్లపైనున్న హైడ్రాంటులో నీరు వచ్చునా రాదా అనునది గేజి ముల్లును చూచుచున్న ఈతని నిన్నటి పనినిబట్టి యుండును.

నేటి పని కాదు, నిన్నటి పని. ఈ ఉద్యోగములో చాలమందికి తెలియనిది ఇదే. మంట లేచిన గడియలో ఆపరేటరు చేయగలిగినది కొంచెమే. పంపు లేవకపోవుటకు కారణములు తరచుగా చాల చిన్నవి. అవి ఎన్నడో ముందే జరిగియుండును. ప్యానెలుమీది మీట "ఆటో" వద్ద ఉండవలసినది. ఎవరో మరమ్మతునకు వచ్చి దానిని "మాన్యువల్" వద్దనో "ఆఫ్" వద్దనో విడిచిపోవుదురు. కారుచున్న అతుకును బాగుచేయుటకు మూసిన వాల్వును మరల తెరువరు. డీజిలు ఇంజను బ్యాటరీ కొనలకు తెల్లని పొడి పేరుకొని అది చచ్చియుండును. తొట్టిలోని డీజిలును జనరేటరు నిమిత్తము తోడుకొని మరల పోయరు. అగ్నిమాపకమునకని వేరుగా నిలువయుంచిన నీటిని, వేసవిలో ట్యాంకరు రాని దినమున స్నానములకు మళ్ళింతురు. ఒక్కొక్కటి చూచినచో నేరమని ఎవరికిని తోచదు.

మంచి ఆపరేటరు వీనిని దినదినము వెదకువాడు. వాల్వు చక్రమును చూచి ఊరుకొనడు. చేతితో త్రిప్పి తెరచియున్నదని నిర్ధారించుకొనును. వారమునకొకసారి డీజిలు పంపును నడపును. నడపుటలోను రెండు విధములు కలవు. బొత్తాము నొక్కి నడిపినచో ఇంజను బాగున్నదని మాత్రమే తెలియును. పరీక్ష గొట్టము తెరచి ఒత్తిడిని మెల్లగా దించి, ఏ గుర్తువద్ద జాకీ లేచినది, ఏ గుర్తువద్ద పెద్ద పంపు లేచినది, అది లేవకున్న డీజిలు పంపు లేచునా యని చూచినప్పుడే ఆ వ్యవస్థ అంతయు జీవించియున్నదని తెలియును. మొదటి విధమునకు రెండు నిమిషములు పట్టును. రెండవదానికి అరపూట పట్టును. పట్టికలో వ్రాయుటకు రెండింటికిని ఒకే గడి.

ఇంకొక చిన్న విషయము చెప్పెదము. పాత పద్ధతి పంపులలో ఇరుసుచుట్టు తాడువంటి ప్యాకింగు చుట్టి గ్లాండుతో బిగింతురు. పంపు తిరుగుచుండగా అచ్చటినుండి బొట్టుబొట్టుగా నీరు కారవలెను. ఆ బొట్లే ఇరుసును చల్లగా ఉంచును. పని తెలియనివాడు నేల తడియగుచున్నదని, పైవాడు మందలించునని, దానిని పూర్తిగా బిగించివేయును. ప్యాకింగు మాడును, ఇరుసునకు గీతలుపడును, ఆరునెలలకు పంపు విప్పవలసివచ్చును. మెకానికల్ సీలు గల క్రొత్త పంపులకు ఈ బాధ లేదు. అచ్చట నీరు కారినచో సీలు చెడినదని గుర్తు. ఒకచోట కారుట ఆరోగ్యము, వేరొకచోట కారుట రోగము. ఏది ఏదో తెలిసినవానిని మీట నొక్కువాడని పిలుచుట తగునా?

అయినను అట్లే పిలుచుచున్నారు. ఇందు మన దోషము కూడ కలదు. ఒకప్పుడు చాళ్ళలోను, గుడిసెలలోను ఉన్న మనవారు నేడు పెక్కు పట్టణములలో ఫ్లాట్లు కొని, గృహనిర్మాణ సంఘములలో కార్యదర్శులుగా, కోశాధికారులుగా ఉన్నారు. ఆదివారము ఉదయము డీజిలు పంపు చప్పుడునకు నిద్ర చెడుచున్నదని, పొగ వచ్చుచున్నదని, ఆ పరీక్షను ఆపించు కార్యదర్శి తెలుగువాడు కాడని మేము ప్రమాణము చేయజాలము. ఆపరేటరును మొక్కలకు నీరు పోయుటకు, లిఫ్టు చెడినప్పుడు అటు పరుగెత్తుటకు, అతిథుల కార్లు నిలుపు చోటు చూపుటకు పంపువారును వీరే. అతడు పైన కారు నిలుపు చోటు చూపుచుండగా క్రింద పంపుగదికి ఎవరు దిక్కు?

కాంట్రాక్టరుల పద్ధతి వేరొక గాయము. భవనమువారు కాంట్రాక్టరునకు ఇచ్చెదరు. కాంట్రాక్టరు వేరొక చిన్న కాంట్రాక్టరునకు ఇచ్చును. కొసన ఉన్న యువకునికి చేరు జీతము ఎంతయో చెప్పుటకు సిగ్గగును. పంపు నడపుటకు కుదుర్చుకొని, కాగితములలో నైపుణ్యము లేని కూలివానిగా చూపినచో కనీస వేతనపు తరగతియే మారిపోవును. ఎనిమిది గంటల మనిషి ముగ్గురుండవలసినచోట పండ్రెండు గంటలవారిద్దరితో సరిపెట్టుదురు. భవిష్యనిధి చీటీ కలదో లేదో కుఱ్ఱవానికే తెలియదు. కాంట్రాక్టరు మారినప్పుడెల్ల అతని అనుభవము మరల మొదటినుండి ఆరంభమగును. నాలుగేండ్లు పంపు నడిపినను చేతిలో నాలుగు పంక్తుల కాగితము ఉండదు. నెల మొదటి తేదీననే ముప్పది దినముల పట్టికను నింపి సంతకము చేయించుకొను ఆచారమునుగూర్చి మేము విన్నాము. ఆ పట్టికపై సంతకము ఆపరేటరుది. ఏదైన అనర్థము జరిగినచో పోలీసులు మొదట చదువునది ఆ సంతకమునే. మన యువకులు ఎవరును అట్టి పట్టికపై చేవ్రాలు చేయరాదని గట్టిగా చెప్పుచున్నాము.

ఇక పనికి రేపు కలదా యను ప్రశ్న. ఉత్తరము వ్రాసిన వారి భయము ఎక్కడిదో మాకు తెలియును. మిల్లు మూతపడుట కన్నులార చూచినవారు వారు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడినప్పుడు, చిత్తూరు ప్రక్కలనుండి పోయి అచ్చట తరతరములుగా స్థిరపడిన మన కుటుంబములు అదే చూచినవి. అచ్చట గని అడుగున నీరు తోడు పంపులు రాత్రింబవళ్ళు నడచెడివి. అవి ఆగిన పిమ్మట గనులు క్రమముగా నీట మునిగినవి. మిల్లును, గనియు లాభమున్నంతకాలము నడచినవి. లాభము పోయినదినమున పంపువాని పనియు పోయినది.

మేడ అట్టిది కాదు. అందులో మనుష్యులు కాపురమున్నంతకాలము చట్టము ఆ పంపును కోరును. మహారాష్ట్రమున 2006 నాటి అగ్నినివారణ చట్టము ప్రకారము భవనమువారు లైసెన్సుగల సంస్థచే పరీక్ష చేయించి, ఏటేట జనవరిలోను జూలైలోను రెండుమారులు ధ్రువపత్రము ఇప్పించవలెను. ఆ సంస్థ మనుష్యులు వచ్చునది రెండు దినములు. తక్కిన 363 దినములు పంపును కనిపెట్టియుండువాడు ఆపరేటరే. ఆస్పత్రులు, పెద్ద అంగళ్ళు, గిడ్డంగులు, మెట్రో స్టేషనులు పెరుగుచున్నవి. వానితోపాటు పంపుగదులును పెరుగుచున్నవి. కనుక పంపునకు రేపు కలదు. ఆపరేటరునకు కలదా యనునది వేరే ప్రశ్న.

ఒత్తిడి, నీటిమట్టము, బ్యాటరీ స్థితి మొదలగువానిని దూరమునుండి ఫోనులోనే చూపు పరికరములు ఇప్పటికే వచ్చినవి. గేజి అంకెలు గంటకొకసారి పుస్తకములో ఎక్కించుటయే ఎవని పనియో వాని ఉద్యోగము నిలువదని నిర్మొగమాటముగా చెప్పవలసియున్నది. కాని పంపు నియమములలో ఒక ముచ్చట కలదు. పెద్ద పంపు దానంతటదే లేవవలెను, దానంతటదే ఆగరాదు. ఆపవలసినది మనిషి, చేతితో. కారణము స్పష్టమే. ఒత్తిడి పెరిగినదని పొరబడి యంత్రము తనను తాను ఆపుకొన్నచో, పైన మంటలో నిలిచి గొట్టము పట్టినవాని చేతిలో నీరు ఆగిపోవును. మంట ఆరినదా లేదా యని పైవారిని విచారించి, ఆరినదని తెలిసిన పిమ్మట ఆపుటకు మనిషి కావలెను. అట్లే, ఫోనులో "బ్యాటరీ బలహీనము" అని వచ్చినంతమాత్రమున బ్యాటరీ మారదు. దిగివచ్చి మార్చువాడు కావలెను. మేము ఊహించునది ఇది: ఇప్పుడు ఒక్కొక్క భవనమునకు నలుగురున్నచోట ఇద్దరుందురు, ఆ ఇద్దరు విద్యుత్తు ప్యానెలును, డీజిలు ఇంజనును, పంపును విప్పి బిగింపగలవారై యుందురు. వారి జీతము నేటికంటె మెరుగుగా ఉండును. పోవు ఇద్దరిలో మనవాడుండునా, నిలుచు ఇద్దరిలోనా?

ఇంతవరకు మేడల పంపును గూర్చి చెప్పితిమి. మనవారిలో అనేకులు బ్రదుకుచున్నది మేడలలో కాదు. షోలాపురమునను, భివండిలోను మరమగ్గముల నడుమ. అచ్చట చిన్న కర్మాగారములకు పంపుగదులు అరుదు. కొన్నిచోట్ల క్రింద మగ్గములు, పైన కాపురము. 2025 మే 18 తెల్లవారుజామున షోలాపురము అక్కలకోట రోడ్డు పారిశ్రామికవాడలో ఒక తువ్వాళ్ళ కర్మాగారము అంటుకొని ఎనిమిదిమంది మరణించిరి. యజమానియు, ఆయన కుటుంబమువారును, పనివారును అందుండిరి. నూలు ఎంత వేగముగా అంటుకొనునో, ఎంత ఆలస్యముగా ఆరునో మన ఇండ్లలోని పెద్దలకు తెలియును. పైన ఆరినట్లు కనబడిన బేలు లోపల రగులుచునే యుండును. అట్టిచోట దిక్కు పురపాలక సంఘపు ఫైరింజను. ఆ ఇంజను వెంటవచ్చు పంపు ఆపరేటరు.

ఆతని పని వేరు జాతిది. వాహనమును నడపి తెచ్చినవాడే పంపును నడపును. వాహనపు ఇంజను బలమే పంపును త్రిప్పును. చెరువునుండియో బావినుండియో నీరు పీల్చవలసినచో గొట్టములోని గాలిని ముందు తీసివేయవలెను. లెక్కప్రకారము పది మీటర్ల లోతునుండి నీరు లేవవలసినను, ఆచరణలో ఏడు మీటర్లు దాటినచో నమ్మరాదు. అవతల గొట్టపు కొసను పట్టినవాడు పొగలో కనబడడు. ఒత్తిడి తగ్గినచో వాని ముందు మంట లేచును. ఒక్కసారి పెంచినచో ఆ గొట్టమే వానిని విసరికొట్టును. 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాకులో ఫోర్ట్ స్టికీన్ అను ఓడలో ప్రత్తి బేళ్ళున్న అరలో నిప్పు పుట్టినది. పేలుడు సామగ్రియు అదే ఓడలో ఉండెను. దళమువారి పంపులు మధ్యాహ్నము మొదలు ఎడతెగక నీరు కొట్టినవి. సాయంకాలము నాలుగు గంటలు దాటగానే ఓడ పేలి 66 మంది అగ్నిమాపక దళమువారు మరణించిరి. ఏటేట ఏప్రిల్ 14న దేశమంతట అగ్నిమాపక దినము జరుపునది వారి స్మృత్యర్థమే. యానాము పాఠకులకైతే అంత దూరము పోనక్కరలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావివద్ద లేచి 65 దినములు ఆరని మంట వారికి ఇంకను మరపునకు రాలేదు.

ఈ రెండవ శాఖలో ఉద్యోగము స్థిరము. రాష్ట్ర, పురపాలక దళములలోనే కాక, కేంద్ర పారిశ్రామిక భద్రతాదళములో డ్రైవరు మరియు పంపు ఆపరేటరు అను కానిస్టేబులు పదవి కలదు. పదవ తరగతి, వాహన లైసెన్సు, నడపిన అనుభవము, దేహదారుఢ్యము కోరుదురు. ఏడవ వేతనసంఘపు మూడవ స్థాయిలో మూలవేతనము 21,700 రూపాయలతో ఆరంభమగును. అణుశక్తి శాఖవారును డ్రైవరు, పంపు ఆపరేటరు, ఫైర్‌మన్ పనులు మూడును కలిసిన పదవికి మనుష్యులను తీసికొందురు. తారాపురము, కైగ, కల్పాక్కములు మనవారు స్థిరపడిన రాష్ట్రములలోనివే. వయోపరిమితి వీనికన్నిటికి కలదు. మేడలో ఐదారేండ్లు గడిపి ఆలోచింతమనుకొనువారు ఆ ద్వారము మూసికొనిపోయినపిదప వచ్చినవారగుదురు.

ఇచ్చట భాష విషయము వచ్చును. కేంద్ర సాయుధ దళముల సాధారణ కానిస్టేబులు పరీక్షను 2024 నుండి హిందీ, ఇంగ్లీషులకు తోడు 13 ప్రాంతీయ భాషలలో జరుపుచున్నారు; అందు తెలుగు ఒకటి. ఈ సౌకర్యము అగ్నిమాపక పదవుల పరీక్షలకన్నిటికి విస్తరింపవలెనని మా కోరిక. రాష్ట్ర ఉద్యోగముల విషయమున, ఉద్యోగములో చేరుటకు ముందే రాష్ట్రభాషా జ్ఞానమును షరతుగా పెట్టరాదని, ప్రొబేషను ముగియులోపల పరీక్షింపవచ్చునని భాషా అల్పసంఖ్యాకులకు అంగీకరించిన రక్షణలలో కలదు. ఆ రక్షణను ఎక్కడ ఉల్లంఘించినను మనము ప్రశ్నింపవలెను.

కాని మన హక్కును గూర్చి ఇంత చెప్పిన మేము ఒక్కమాట ఒప్పుకొందుము. అగ్నిమాపక పనిలో రాష్ట్రభాష రానివానిని పంపువద్ద నిలుపుట ధర్మము కాదు. పొగలోనుండి నీటికై కేక వచ్చునప్పుడు అది బొంబాయిలో "పాణీ" యని, సేలములో "తణ్ణి" యని, బరంపురములో "పాణి" యని వచ్చును. బళ్ళారివారికి మాత్రము అదృష్టము. అచ్చట కన్నడమునను అది "నీరే". మన పిల్లలకు ఈ భాషలు వీధిలోనే వచ్చును. చదువుటయు, వ్రాయుటయు కూడ నేర్చినచో ప్రొబేషను పరీక్షకు భయపడనక్కరలేదు. రెండు భాషలు వచ్చుట మన పిల్లలకు లోపమని ఇంతకాలము అనుకొంటిమి. కేకను అర్థము చేసికొనవలసిన పనిలో అది లోపము కాదు. ప్యానెలుమీది "ఆటో", "మాన్యువల్" పదములకు తెలుగు చేయుమని ఒకరిద్దరు అభిమానులు మమ్ము కోరిరి. ఆ గదిలో ఎవరును నిఘంటువు వెదకవలసిన అవసరము రాకుండుటయే మేలని వారికి సవినయముగా మనవి చేయుచున్నాము.

ప్రభుత్వములను మేము కోరునది ఒక్కటే. ధ్రువపత్రమిచ్చు సంస్థకు లైసెన్సు ఉన్నట్లే, ప్రతి పూట పంపుగదిలో ఉండు మనిషికిని శిక్షణపత్రము ఉండవలెననియు, అతని అనుభవము కాంట్రాక్టరు పుస్తకములో కాక అతని పేరిట ఒక చిన్న పుస్తకములో నమోదు కావలెననియు నిబంధన చేయవలెను. ఓడలో పనిచేయువానికి అట్టి పుస్తకము కలదు. కాంట్రాక్టరు మారినను పోనిది అది. గృహనిర్మాణ సంఘములలోని మనవారు ప్రభుత్వము కొరకు ఎదురుచూడనక్కరలేదు. కాంట్రాక్టు కాగితములో ఎనిమిది గంటల పూటలు మూడు అని వ్రాయించుట, ఆపరేటరును వేరుపనికి పిలువరాదని తీర్మానించుట, వారమునకొకసారి చప్పుడును ఓర్చుకొనుట వారి చేతిలోని పనులు. మా సంఘ శాఖల సమావేశమందిరములలో ఎన్నింటిలో మంట ఆర్పు సాధనములు గడువు తీరి వ్రేలాడుచున్నవో కార్యదర్శులు ఈ వారమే చూచుకొందురుగాక. మా కార్యాలయములోని రెండింటిలో ఒకదాని గడువు తీరియున్నదని ఈ వ్యాసము వ్రాయుచుండగా గమనించి మార్పించితిమి.

వర్లీ పాఠకులకు మా సమాధానము: ఇప్పుడే మానిపింపవలదు, అట్లే ఉండనీయవలదు. ఐ.టి.ఐ.లలో పంపు ఆపరేటరు మరియు మెకానిక్కు అను ఒక్క ఏడాది శిక్షణ కలదు. మెకానిక్ డీజిలు శిక్షణయు కలదు. ఆ రెండింటిలో ఒకదానికి ఈ ఏడు దరఖాస్తు చేయించుడు. భారీ వాహనపు లైసెన్సునకు ప్రయత్నము ఆరంభింపజేయుడు. అతని వయస్సునకు కొన్ని కేంద్ర పదవుల ద్వారము మూసికొని ఉండవచ్చును, కొన్ని తెరచియుండవచ్చును. ప్రతి ప్రకటనను స్వయముగా చదివి చూచుకొనవలెను. ఈలోపల తాను చేసిన ప్రతి పరీక్షను, మార్చిన ప్రతి విడిభాగమును తన సొంత పుస్తకములో తేదీతో వ్రాసికొనవలెను. అడిగిన ప్రశ్నలో ఒక్క పదము మాత్రము మేము అంగీకరింపము. పని తగులని యంత్రమని వ్రాసితిరి. వచ్చిన ఆదివారము మీరొకమారు ఆతనితో క్రిందికి దిగి, ఆ పరీక్ష గొట్టము తెరచునప్పుడు ప్రక్కన నిలిచి చూడుడు. మిల్లు యంత్రముల నడుమ పెరిగిన మీకు మేము వేరుగా చెప్పవలసినది ఉండదు.

ఈ పనిలోనున్న తక్కిన యువకులును మాకు వ్రాయవలెను: ఏ ఊరు, ఎన్ని గంటలు, ఏ శిక్షణ, జీతము ఎంత కాగితముపై, ఎంత చేతికి. పేర్లు ప్రకటింపము. ఉత్తరము తెలుగులోనే ఉండనక్కరలేదు. తెలుగు లిపి అలవాటు తప్పినవారు మరాఠీలోనో, తమిళములోనో, కన్నడములోనో, ఒడియాలోనో వ్రాసినను మా కార్యాలయములో చదువగలవారు కలరు.